ఎదురుగా పరుగెత్తి వస్తున్న పాప ప్రతిసారీ మసకే: డెప్త్ ఆఫ్ ఫీల్డ్ సంగతి ఎవరైనా చెబుతారా?

పాపనాన్న · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి తప్పలేదు.

నిన్న మా అమ్మాయి బడిలో ఆటల పోటీలు జరిగాయి. పదేళ్ల పిల్ల, 100 మీటర్ల పరుగులో రెండో స్థానంలో వచ్చింది. నేను ముగింపు గీతకు అవతల మోకాళ్ల మీద కూర్చుని, ఎదురుగా వస్తుంటే 40 ఫొటోలు తీశాను. పనికొచ్చినవి రెండు. ఆ రెండింటిలో ఒకదానిలో స్పష్టంగా ఉన్నది మా అమ్మాయి కాదు, పక్క వరుసలో మూడో స్థానంలో వచ్చిన పిల్ల. వాళ్ల నాన్నకు పంపించాను. ఆయన మాత్రం చాలా సంతోషించాడు.

కెమెరా ఒకరు వాడి అమ్మిన ఏపీఎస్-సి (కాస్త చిన్న సెన్సారు) డీఎస్ఎల్ఆర్, లోపల అద్దం ఉండే రకం. లెన్సు ఫోకల్ లెంగ్త్ 85 మి.మీ., ద్వారం ఎఫ్ 1.8 దగ్గర, అంటే బాగా తెరిచి పెట్టాను (ఈ ఎఫ్ సంఖ్య పెరిగితే ద్వారం చిన్నదవుతుంది). షట్టర్ 1/2000 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సారు స్పందించే స్థాయి) 100. ఉదయం ఎనిమిదింటికి కాస్త మబ్బుగా ఉంది. ఫ్రేము నిండే సమయానికి పాప నాకు ఆరు మీటర్ల దూరంలో ఉంటుంది. బటన్ సగం నొక్కి, పచ్చచుక్క వెలిగాక పూర్తిగా నొక్కుతున్నాను.

నా అనుమానం ఒక్కటే. షట్టర్ 1/2000 ఉన్నాక కదలిక ఆగిపోవాలి కదా? మరి ఈ మసక ఎక్కడి నుంచి వస్తోంది? లెన్సు చెడిపోయిందా?

---

ఫోనుచాలు · ఆదివారం రాత్రి 9:32

మా అబ్బాయి పరుగుపందెం మొత్తం ఫోనులో తీశాను, అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఊరికే చెబుతున్నాను, కోపగించుకోకండి.

---

చీకటిగది · ఆదివారం రాత్రి 10:05

లెన్సు మీద అనుమానం తరువాత పడదాం. ముందు ఆ మసక ఏ జాతిదో తేల్చాలి. మసకలు రెండు రకాలు. ఒకటి, షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో మనిషి జరగడం వల్ల వచ్చే చార. రెండోది, మనిషి ఫోకస్ తలంలో, అంటే లెన్సు గురిపెట్టిన దూరంలో, లేకపోవడం వల్ల వచ్చే మెత్తదనం. మొదటిదానికి ఒక దిక్కు ఉంటుంది, తడి గోడ మీద వేలు రాసినట్టు. రెండోదానికి దిక్కు ఉండదు, అన్ని వైపులా సమానంగా ఉబ్బినట్టు కనిపిస్తుంది.

మీ పాప సెకనుకు 5 మీటర్లు పరుగెత్తినా 1/2000లో జరిగేది రెండున్నర మిల్లీమీటర్లే. అదీ మీ వైపే కాబట్టి చార కనిపించే అవకాశం లేదు. కాబట్టి మీది రెండో రకం. షట్టర్ వేగాన్ని ఎంత పెంచినా ఈ రకం మసక తగ్గదు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఒక పని చేయండి. చెడిపోయిన ఫొటోలలో పాపను చూడకండి, కింద గడ్డిని చూడండి. గడ్డి ఎక్కడో ఒకచోట పట్టీలాగా స్పష్టంగా ఉండాలి. ఆ పట్టీ పాప పాదాలకు ముందుందా, వెనకుందా? ఎంత దూరంలో ఉంది?

---

పాపనాన్న · ఆదివారం రాత్రి 10:40

అయ్యా, ఇన్నాళ్లూ నేను ముఖమే చూస్తున్నాను, గడ్డి వైపు చూడనేలేదు! ఇప్పుడు పెద్దగా చేసి చూశాను. దాదాపు అన్నింటిలోనూ పట్టీ పాప వెనకే ఉంది, ఇంచుమించు ఒక మీటరు దూరంలో. ఒకదానిలో సున్నం గీత మీద సున్నపు పలుకులు కూడా లెక్కపెట్టవచ్చు.

---

చీకటిగది · ఆదివారం రాత్రి 10:58

అయితే లెన్సు నిర్దోషి. మీటరు దూరమంటే, సెకనుకు 5 మీటర్ల వేగంలో అయిదో వంతు సెకను. పచ్చచుక్క చూసి మీ వేలు కిందికి దిగడానికి పట్టే సమయం ఇంచుమించు అంతే. కెమెరా పాప మీదే ఫోకస్ చేసింది. మీరు నొక్కేసరికి పాప అక్కడ లేదు. ఆమె ఖాళీ చేసిన చోటును మీరు చక్కగా ఫొటో తీశారు.

---

లెక్కలమాస్టారు · సోమవారం ఉదయం 6:15

చీకటిగది గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. నిద్ర లేవగానే ఇంతకన్నా మంచి పని ఏముంటుంది.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌ను నేను తెలుగులో 'స్పష్టత మందం' అంటాను. లోతు అంటే మనసుకు బావి తడుతుంది. మందం అంటే ఒక గాజు పలక తడుతుంది. మీ ముందు ఆరు మీటర్ల దూరంలో నిలువుగా ఒక పలక నిలబెట్టి ఉందనుకోండి. దాని మందంలో పడినదే స్పష్టం.

దగ్గర దూరాలకు లెక్క సులువే. ఎఫ్ సంఖ్యను, అంగీకరించే మసక చుక్క (కంటికి ఇంకా స్పష్టంగానే తోచే అతిపెద్ద చుక్క) పరిమాణాన్ని గుణించి, రెట్టింపు చేసి, దూరపు వర్గంతో గుణించి, ఫోకల్ లెంగ్త్ వర్గంతో భాగించాలి. ఏపీఎస్-సి సెన్సారుకు ఆ చుక్క 0.02 మి.మీ. అనుకుంటే, మీ 85 లెన్సుకు ఆరు మీటర్ల దగ్గర:

ఎఫ్ 1.8 – 36 సెం.మీ.
ఎఫ్ 4 – 80 సెం.మీ.
ఎఫ్ 5.6 – 1.1 మీటర్లు
ఎఫ్ 8 – 1.6 మీటర్లు

నిలబడిన పిల్లకు 36 సెంటీమీటర్లు చాలు. ముక్కు నుంచి చెవి వరకు హాయిగా వస్తుంది. పరుగెత్తే పిల్లకు ఈ అంకెను అలాగే తీసుకోకూడదు. మందాన్ని వేగంతో భాగించి సమయంగా మార్చుకోవాలి. సరిగ్గా పాప మీదే ఫోకస్ కుదిరిందనుకుందాం. పలకలో సగం, అంటే 18 సెం.మీ., దాటితే ఆమె బయటపడుతుంది. 18 సెం.మీ. దాటడానికి పట్టేది 36 మిల్లీసెకన్లు. ఎఫ్ 5.6 దగ్గర అదే 110 మిల్లీసెకన్లు అవుతుంది.

డీఎస్ఎల్ఆర్‌లో బటన్ పూర్తిగా నొక్కాక అద్దం లేచి షట్టర్ తెరుచుకోవడానికే 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎఫ్ 1.8 దగ్గర మీ వేలు ఎంత చురుకైనదైనా ఆట ముందే ఓడిపోయారు. ఎఫ్ 5.6 దగ్గర ఆ ఆలస్యాన్ని మందమే భరిస్తుంది.

---

కొత్తకెమెరా · సోమవారం ఉదయం 9:20

ఇన్ని లెక్కలు ఎందుకండీ? మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొనేయండి. కంటిని గుర్తుపట్టి వెంటాడుతుంది. నేను ఎఫ్ 1.8 దగ్గరే పిల్లల ఆటలు తీస్తున్నాను, పదిలో ఎనిమిది బాగుంటాయి.

---

ఉప్పలపాడుకొంగ · సోమవారం మధ్యాహ్నం 1:45

కొత్తకెమెరా గారూ, మీ మాట నిజమే, కానీ సమస్య ఉన్నవారికి కెమెరా కొనమనడం దాహమైనవారికి బావి తవ్వుకోమనడమే. పైగా ఆయన ఇంకా మొదటి మెట్టు ఎక్కలేదు. ఆయన వాడుతున్నది ఒక్కసారి పట్టి ఆగిపోయే ఫోకస్. పచ్చచుక్క, టిక్కుమనే శబ్దం, ఇవన్నీ దాని గుర్తులే. పాపనాన్న గారూ, మీ కెమెరాలో నిరంతర ఫోకస్ ఉంటుంది. నికాన్ అయితే ఏఎఫ్-సి, కెనాన్ అయితే ఏఐ సర్వో అని రాసి ఉంటుంది. అది పెట్టండి. పచ్చచుక్క కోసం ఎదురు చూడకండి. బటన్ సగం నొక్కి కనీసం అర సెకను పాపను వెంబడించనివ్వండి. ఆమె ఎంత వేగంగా దగ్గరవుతోందో కెమెరాకు అప్పుడే తెలుస్తుంది. అద్దం లేచాక ఫోకస్ సెన్సారుకు వెలుతురు అందదు, కాబట్టి షట్టర్ తెరుచుకునే క్షణానికి ఆమె ఎక్కడుంటుందో కెమెరా ముందే ఊహించుకోవాలి. ఊహకు ఆధారం మీరిచ్చే ఆ అర సెకనే.

నా పాట్లు వేరు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు సాయంత్రాలు వెళుతుంటాను. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లకు తిరిగొచ్చే వేళ అది. 400 మి.మీ. లెన్సు, ఎఫ్ 5.6. ఇరవై మీటర్ల దగ్గర పక్షి వస్తుంటే మాస్టారి లెక్క ప్రకారం మందం 56 సెం.మీ. గూడబాతు ముక్కు చివర నుంచి తోక వరకే మీటరుంబావు పైన ఉంటుంది. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. పక్షి మొత్తం స్పష్టంగా రావాలన్న ఆశను మొదటి ఏడాదే వదులుకున్నాను. కన్ను స్పష్టంగా ఉంటే చాలు, రెక్క చివర మెత్తబడితే చూసేవారు క్షమిస్తారు. కన్ను మెత్తబడి రెక్క స్పష్టమైతే ఎవరూ క్షమించరు.

ఇంకొక చిట్కా. పక్షులు గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి మీ వీపు మీద కొడుతుంటే అవి మీ వైపు ముఖం పెట్టి దిగుతాయి. దిగే ముందు రెక్కలతో వేగాన్ని చంపుకుంటాయి. సెకనుకు 10 మీటర్లు వచ్చే పక్షి దిగేటప్పుడు అందులో కొంత వేగంతోనే వస్తుంది. అంటే మందం పెంచకుండానే సమయం పెరిగినట్టు. పాప విషయంలో ఇది కుదరదు, ముగింపు గీత దగ్గర నెమ్మదించమని చెప్పలేం కదా.

---

మూడోకన్ను · సోమవారం సాయంత్రం 6:30

మాస్టారి లెక్కలో ఒక తప్పుంది. చిన్న సెన్సారుకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఎక్కువ అని అందరికీ తెలుసు. ఏపీఎస్-సికి 36 సెం.మీ. అంటున్నారు. నేను ఫుల్ ఫ్రేముకు, అంటే పెద్ద సెన్సారుకు, లెక్క కడితే 54 వచ్చింది. తారుమారు చేశారేమో చూసుకోండి.

---

లెక్కలమాస్టారు · సోమవారం రాత్రి 8:05

తారుమారు కాలేదు. అదే చోట కూర్చుని, అదే లెన్సు పెడితే చిన్న సెన్సారుకే మందం తక్కువ. ఎందుకంటే దాని బొమ్మను అదే సైజు కాగితానికి ఇంకా ఎక్కువ పెంచాలి, మసక కూడా అంత పెరుగుతుంది. అందుకే చుక్క 0.03కు బదులు 0.02.

మీరు విన్న మాట కూడా నిజమే, కానీ దాని షరతు వేరు. చిన్న సెన్సారులో పాప అంతే నిండుగా పట్టాలంటే ఆరు మీటర్ల నుంచి తొమ్మిది మీటర్లకు వెనక్కి జరగాలి. అక్కడ మందం 81 సెం.మీ. అవుతుంది. 36, 54, 81. మూడూ సరైనవే. ఎక్కడ కూర్చున్నారో చెప్పకుండా వాదిస్తే ఇద్దరూ గెలుస్తారు, పాప మాత్రం మసకగానే ఉంటుంది.

---

మూడోకన్ను · సోమవారం రాత్రి 8:31

సరే, ఒప్పుకున్నాను. అయితే 85కు బదులు 50 లెన్సు పెడితే మందం పెరుగుతుంది కదా?

---

లెక్కలమాస్టారు · సోమవారం రాత్రి 8:50

కూర్చున్న చోటు మారకపోతే పెరుగుతుంది, కానీ పాప చిన్నగా పడుతుంది. పాపను అంతే నిండుగా పట్టడానికి 50తో మూడున్నర మీటర్లకు వస్తే మళ్లీ 36 సెంటీమీటర్లే. 200తో పద్నాలుగు మీటర్లకు వెళ్లినా ఇంచుమించు అంతే. ఫ్రేములో మనిషి సైజు మారకపోతే ఈ దూరాల్లో మందం మారదు, వెనక నేపథ్యం ఎంత కరిగిపోతుందన్నదే మారుతుంది.

కదిలేవారి విషయంలో పొడవు లెన్సుకు ఇంకో లాభం ఉంది. మూడున్నర మీటర్ల దూరాన్ని పాప 0.7 సెకన్లలో దాటి మీ మీదికి వచ్చేస్తుంది. పద్నాలుగు మీటర్లయితే మీ చేతిలో 2.8 సెకన్లు ఉంటాయి. కెమెరాకు వెంబడించే వ్యవధి, మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి.

---

ఫోనుచాలు · సోమవారం రాత్రి 9:15

ఇంత చర్చ చదివాక నిజంగానే అడుగుతున్నాను. నా ఫోను లెన్సు కూడా ఎఫ్ 1.8 అనే రాసి ఉంది. మరి నాకు ఈ బాధ లేదెందుకు?

---

చీకటిగది · సోమవారం రాత్రి 9:40

మీ ఫోను లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ సుమారు 6 మిల్లీమీటర్లు. మందం లెక్కలో ఆ అంకె వర్గం కింద ఉంటుంది కాబట్టి మందం మైదానమంత అవుతుంది. మీకు ఫోకస్ గురి తప్పదు. సాయంత్రం గదిలో తీసి చూడండి, మొదటి రకం మసక మీకోసం కాచుకుని ఉంటుంది. ఇక ఫోనులో వెనక భాగాన్ని కరిగించే పోర్ట్రెయిట్ మోడ్ ఎక్కువగా లెక్కకట్టి పూసిన మసకే. పరుగెత్తే పిల్ల జుట్టు దగ్గర అది తడబడుతుంది, గమనించండి.

---

గిత్తలగోల · మంగళవారం ఉదయం 7:50

మా వైపు సంక్రాంతికి బండలాగుడు పోటీలు తీస్తుంటాను. ఒంగోలు గిత్తల జత. ఇక్కడ వేగం కన్నా కోణం ముఖ్యం. జతకు సూటిగా ఎదురుగా నిలబడితే రెండు ముఖాలూ ఒకే దూరంలో ఉంటాయి, మందం తక్కువైనా రెండూ పడతాయి. అందంగా ఉంటుందని మూలగా నిలబడితే ఒకటి మీటరు వెనక్కి వెళుతుంది, ఒకటి స్పష్టం, ఒకటి మసక. గెలిచిన జత యజమానికి ఒక ఎద్దు మసకగా ఉన్న ఫొటో చూపించి బతికి బయటపడ్డాను.

పాపనాన్న గారూ, మీరు ఎదురుగానే ఎందుకు కూర్చోవాలి? పక్కకు జరిగితే పాప మీకు దగ్గరయ్యే వేగం తగ్గుతుంది. 45 డిగ్రీల మూలకు వస్తే 5 మీటర్లకు బదులు మూడున్నర. పూర్తిగా పక్కన, మీ ఎదురుగా దాటే క్షణానికి ఇంచుమించు సున్నా. కాకపోతే అప్పుడు మొదటి రకం మసక వస్తుంది. కెమెరాను పాపతో పాటు తిప్పాలి.

దుమ్ము సంగతి కూడా చెబుతాను. దుమ్ము లేచిందంటే ఫోకస్ వెళ్లి దుమ్మునే పట్టుకుంటుంది. అప్పుడు నేను ఆటో ఆపేసి ముందే నేల మీద ఒక గుర్తుకు ఫోకస్ చేసి పెట్టుకుంటాను.

---

చీకటిగది · మంగళవారం ఉదయం 10:30

పక్క నుంచి తీయడం గురించి ఒక పాత కథ. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని తీసినప్పుడు పన్నెండు కెమెరాలను దారి పక్కన వరుసగా పేర్చాడు. దారికి అడ్డంగా కట్టిన తీగలు తగిలి షట్టర్లు ఒకదాని వెంట ఒకటి పేలాయి. ఆయన ఎదుర్కొన్న కష్టమంతా మొదటి రకం మసకతోనే. గుర్రం ప్రతి కెమెరాకూ ఒకే దూరంలో దాటుతుంది కాబట్టి రెండో రకం మసక ఆయన దరికి రాలేదు. ఎదురుగా నిలబడి ఉంటే కథ వేరుగా ఉండేది, గుర్రం సంగతి అటుంచి ఆయన సంగతి కూడా.

---

పాపనాన్న · మంగళవారం రాత్రి 9:05

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంకో రెండు అనుమానాలు. మందంలో మూడో వంతు ముందు, రెండు వంతులు వెనక ఉంటుందని ఎక్కడో చదివాను. అంటే పాప కంటే కాస్త ముందు ఫోకస్ చేయాలా? రెండోది, కెమెరా వెనక తెర మీద బాగున్న ఫొటో కంప్యూటర్‌లో చూస్తే ఎందుకు పాడవుతుంది?

---

చీకటిగది · మంగళవారం రాత్రి 9:50

ఆ మూడో వంతు సూత్రం ఒక్క దూరం దగ్గరే నిజం. హైపర్‌ఫోకల్ దూరంలో (ఎక్కడ ఫోకస్ చేస్తే అక్కడి నుంచి కనుచూపు చివరి దాకా స్పష్టంగా పడుతుందో ఆ అతి దగ్గర దూరం) మూడో వంతు దగ్గర. మీ లెన్సుకు ఎఫ్ 5.6 దగ్గర హైపర్‌ఫోకల్ అరవై మీటర్లు దాటుతుంది, కాబట్టి ఆరు మీటర్ల దగ్గర ముందూ వెనకా ఇంచుమించు సగం సగమే. కొంగ గారి 400 లెన్సుకైతే అది దాదాపు కిలోమీటరున్నర! ఆయన ఆ సూత్రాన్ని నమ్ముకుంటే చెరువు అవతలి గట్టు మీదికి పోవాలి.

రెండోదానికి జవాబు: మందం ప్రకృతి గీసిన గీత కాదు. మాస్టారు చెప్పిన 0.03, 0.02 అంకెలు మామూలు సైజు ముద్రణను చేతిలో పట్టుకుని చూసే కంటికి సరిపోయేవి. చిన్న తెర మీద మందం ఎక్కువగా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూస్తే అదే ఫొటోలో అదే మందం బాగా సన్నబడుతుంది. మీ అమ్మగారికి ముద్రించి ఇవ్వడానికైతే అంత పెంచి చూసి బాధపడకండి.

ఇక వచ్చే పోటీకి ఏం చేయాలో చెబుతాను. ఎఫ్ 5.6. ఐఎస్ఓ 800. అదే వెలుతురైతే షట్టర్ 1/1600 దగ్గర నిలుస్తుంది, చాలు. ఎఫ్ 11, 16 జోలికి పోకండి, చీకటి పెరుగుతుంది, నేపథ్యంలో కుర్చీలన్నీ వచ్చి కూర్చుంటాయి. పందెం మొదలుకాక ముందే ముగింపు గీత మీద, మీ పాప వరుసలో, సున్నం మీద ఫోకస్ చేసి, లెన్సును మాన్యువల్‌కు మార్చండి. ఇక ముట్టుకోవద్దు. పాప గీతకు రెండడుగుల దూరంలో ఉండగా నొక్కి పట్టుకోండి.

---

లెక్కలమాస్టారు · మంగళవారం రాత్రి 10:10

కెమెరా సెకనుకు ఎన్ని ఫొటోలు తీస్తుంది?

---

పాపనాన్న · మంగళవారం రాత్రి 10:14

అయిదు.

---

లెక్కలమాస్టారు · మంగళవారం రాత్రి 10:25

చక్కగా సరిపోయింది. ఫొటోకూ ఫొటోకూ మధ్య పాప మీటరు జరుగుతుంది. ఎఫ్ 5.6 దగ్గర మందం 1.1 మీటర్లు. అంటే ఆమె ఎక్కడ అడుగు వేసినా ఒక్క ఫొటో అయినా పలకలో పడక తప్పదు. ఎఫ్ 1.8 దగ్గర మందం 36 సెం.మీ., అడుగు మీటరు, కాబట్టి మూడు పరుగులకు ఒకసారి అదృష్టం. వేగంగా తీసే కెమెరా ఉన్నవారు ఎఫ్ సంఖ్యను ఎందుకు తగ్గించగలరో కూడా ఇందులోనే ఉంది. కొత్తకెమెరా గారి పదిలో ఎనిమిది వెనక కంటి ఫోకస్ ఒక్కటే లేదు.

---

కొత్తకెమెరా · బుధవారం ఉదయం 8:40

నాది సెకనుకు ఇరవై. అంటే పాప 25 సెంటీమీటర్లకో ఫొటో. ఇది నాకెప్పుడూ తట్టలేదు. అయితే ఆ ఇరవైలో మంచిది ఏరుకోవడానికే ఆదివారమంతా పోతోంది, అది కూడా రాసుకోండి.

---

పాపనాన్న · మూడు వారాల తరువాత, శనివారం రాత్రి 8:20

ఈరోజు 4×100 రిలే. మా అమ్మాయి చివరి వంతు. ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400 చాలింది, ఎండ బాగా ఉంది. సున్నం గీత మీద ఫోకస్ పెట్టి మాన్యువల్‌కు మార్చాను. మధ్యలో ఒకసారి చెయ్యి తగిలి లెన్సు వలయం తిరిగినట్టనిపిస్తే మళ్లీ సరిచేసి అంటుకునే టేపు వేశాను. పాప రెండడుగుల దూరంలో ఉండగా నొక్కాను. నాలుగు ఫొటోలు పడ్డాయి. మొదటిది మసక, మూడు, నాలుగు మసక. రెండోది మాస్టారు చెప్పినట్టే అద్దంలా వచ్చింది. చెమట చుక్కలు, చెవి పోగు, చొక్కా మీద పిన్నీసు, అన్నీ కనిపిస్తున్నాయి.

ఒక్కటే లోపం. గీత దగ్గర రిబ్బను పట్టుకున్న బడి మాస్టారు అదే క్షణానికి చెయ్యి పైకెత్తారు. ముఖంలో సగం ఆయన మణికట్టు వెనక ఉంది. ఆయన కూడా గీత మీదే నిలబడ్డారు కాబట్టి చెయ్యి కూడా అద్భుతంగా స్పష్టంగా వచ్చింది. గడియారంలో టైము చదవగలుగుతున్నాను, 10:42.

---

ఉప్పలపాడుకొంగ · శనివారం రాత్రి 8:45

ఫోకస్ కుదిరింది, కూర్చునే చోటు కుదరలేదు. ఈసారి రెండడుగులు ఎడమకు.

---

చీకటిగది · శనివారం రాత్రి 9:02

ఆ ఫొటో బడి మాస్టారికి పంపండి. మూడో స్థానం పిల్ల వాళ్ల నాన్నలాగే ఆయన కూడా చాలా సంతోషిస్తారు.